2^ఎక్స్ = ఎక్స్²: టీఐ-84లో రెండే వస్తున్నాయి, మూడోది ఎక్కడ?

సర్జాపుర_అమ్మ · శనివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారమండీ. మావాడు ఐబీలో (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పదకొండు, మ్యాథ్స్ ఏఏ (అనాలిసిస్ అండ్ అప్రోచెస్) హయ్యర్ లెవెల్. ఎస్పీ రోడ్డులో టీఐ-84 ప్లస్ సీఈ గ్రాఫింగ్ కాలిక్యులేటర్ కొనిచ్చాం. క్లాసులో వర్క్‌షీట్ ఇచ్చారు, 2^ఎక్స్ = ఎక్స్² కి పరిష్కారాలన్నీ కనుక్కోమని. వీడు రెండు గ్రాఫులూ గీసి, ఇంటర్‌సెక్ట్ నొక్కి −0.767, 2 అని రెండు తెచ్చాడు. వెనక ఆన్సర్లలో మూడున్నాయి. ఆన్సరు అచ్చుతప్పని వాడంటాడు, కాలిక్యులేటర్ డూప్లికేటేమో అని మా ఆయన. నేను బీకాం. ఇద్దరి మధ్యా తీర్పు చెప్పలేక ఇక్కడికొచ్చాను.

బ్యాక్‌బెంచ్_బగ్మనే · శనివారం, రాత్రి 8:52

4 వేసి చూడమనండి. 2 పవర్ 4 పదహారు, 4 స్క్వేర్ పదహారు. అచ్చుతప్పూ లేదు, డూప్లికేటూ కాదు.

జూమ్‌లో 6 నొక్కి ఉంటాడు, జెడ్‌స్టాండర్డ్. దాంట్లో అడ్డంగా −10 నుంచి 10, నిలువుగా కూడా −10 నుంచి 10. మూడో ఖండన ఎత్తు 16 దగ్గరుంది, అంటే తెర పైఅంచు దాటి. కిటికీలోంచి చూసి వీధిలో ఎవరూ లేరన్నట్టే ఇది.

ఐబీ_రెండో_ఏడు · శనివారం, రాత్రి 9:05

ఆంటీ, నేనూ ఏఏ హెచ్ఎల్‌నే, వైట్‌ఫీల్డ్ వైపు. తమ్ముడికి ఇలా చేయమనండి.

విండో నొక్కి వైమ్యాక్స్ (తెర పైఅంచు ఎత్తు) 20 పెట్టాలి. గ్రాఫ్ నొక్కితే మూడు చోట్లా కలుస్తాయి. తర్వాత సెకండ్, ట్రేస్ నొక్కితే క్యాల్క్ మెనూ వస్తుంది, అందులో 5 ఇంటర్‌సెక్ట్. అది ఫస్ట్ కర్వ్? సెకండ్ కర్వ్? గెస్? అని మూడు అడుగుతుంది. అందరూ చూడకుండా ఎంటర్, ఎంటర్, ఎంటర్ కొట్టేస్తారు. అలా కొడితే కర్సర్ ఎక్కడుందో దానికి దగ్గర్లో ఉన్నదే ఇస్తుంది. రెండోసారి చేసినా అదే జవాబు. గెస్ అని అడిగినప్పుడు బాణం కీతో కావాల్సిన ఖండన దగ్గరికి జరిగి అప్పుడు ఎంటర్ కొట్టాలి.

ఇంకోటి, పరీక్షలో ఒట్టి మూడు నంబర్లు రాస్తే పూర్తి మార్కులు ఇవ్వకపోవచ్చు. గ్రాఫుతో సాధిస్తే ఆ గ్రాఫు స్కెచ్ కూడా గీయమని పేపరు మీదే ఉంటుంది. జవాబు కచ్చితమైన విలువ గానీ, మూడు సిగ్నిఫికెంట్ ఫిగర్లు గానీ. −0.767 అలా వచ్చిందే.

గుంటూరు_మాస్టారు · శనివారం, రాత్రి 9:48

అమ్మా, నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కగ్గదాసపురలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలి దగ్గర ఈ యంత్రం ఉంది, దాంతో నాకు బాగా కాలక్షేపం.

వైమ్యాక్స్ 20 పెట్టమని కుర్రాడు చెప్పింది సరైనదే. కానీ 20 అని అతనికి ఎలా తెలిసింది? జవాబు తెలుసు కాబట్టి. తెలియనివాడు 50 పెట్టాలా, 500 పెట్టాలా? అందుకని నేను పిల్లలకి చెప్పే దారి వేరు. రెండు గ్రాఫులు వద్దు. అంతా ఒకవైపుకి తెచ్చి వై = 2^ఎక్స్ − ఎక్స్² అని ఒక్కటే గీయండి. సమీకరణం మూలాలు ఇప్పుడు గ్రాఫు అడ్డగీతని తాకే చోట్లు. వాటి ఎత్తు ఎప్పుడూ సున్నాయే, కాబట్టి పైఅంచు దాటిపోయే ప్రశ్న లేదు. 3 దగ్గర దీని విలువ 8 − 9, అంటే −1. 2కీ 4కీ మధ్య గ్రాఫు కాస్త కిందికి దిగి పైకి లేస్తుంది. జెడ్‌స్టాండర్డ్‌లోనే మూడూ కనిపిస్తాయి. తర్వాత క్యాల్క్ మెనూలో 2 జీరో. మూలానికి ఎడమన ఒక చోటు, కుడిన ఒక చోటు చూపించమంటుంది. చూపిస్తే ఇస్తుంది.

ఇక అసలు సంగతి. మూడే అని ఎలా తెలుసు? −500 దగ్గర ఇంకోటి ఉండకూడదా? యంత్రం చెప్పదు. దానికి కాగితమే.

ఎఫ్ = 2^ఎక్స్ − ఎక్స్² అనుకోండి. రెండోసారి అవకలనం చేస్తే (లాన్ 2)² × 2^ఎక్స్ − 2 వస్తుంది. 2^ఎక్స్ ఎప్పుడూ పెరుగుతూ పోయేదే కాబట్టి ఇది ఒక్కసారే సున్నా అవుతుంది. ఇప్పుడు రోల్ సిద్ధాంతం: రెండు మూలాల మధ్య అవకలజం ఎక్కడో ఒకచోట సున్నా కావాలి. ఎఫ్‌కి నాలుగు మూలాలుంటే మొదటి అవకలజానికి కనీసం మూడుండాలి, రెండోదానికి కనీసం రెండుండాలి. ఉన్నది ఒకటి. కాబట్టి ఎఫ్‌కి మూడు మించి ఉండవు. మూడు దొరికాయి కదా, ఇక వెతకక్కర్లేదు.

బ్యాక్‌బెంచ్_బగ్మనే · శనివారం, రాత్రి 9:55

మాస్టారూ 🙏 ఇంటర్ తర్వాత రోల్ పేరు వినడం ఇదే.

కేఆర్‌పురం_నాన్న · శనివారం, రాత్రి 10:20

నాకొకటి అర్థం కాదు. సీబీఎస్‌ఈ పన్నెండులో కాలిక్యులేటర్ లేదు. జేఈఈ మెయిన్‌లో లేదు, అడ్వాన్స్‌డ్‌లో లేదు. మన పిల్లలు చేత్తో చేసే లెక్కకి ఇంత ఖరీదు పెట్టి మిషన్ ఎందుకు? దీనికి అలవాటు పడితే ఏడెనిమిదులు కూడా మిషన్‌నే అడుగుతారు. మావాడు జేఈఈ కోచింగ్. సైన్ ఎక్స్ = ఎక్స్/10 కి ఎన్ని పరిష్కారాలు అని అడిగితే, కాగితం మీద రెండు గీతలు గీసి ఏడు అని చెప్పాడు. మీ మిషన్‌ని చెప్పమనండి చూద్దాం.

సర్జాపుర_అమ్మ · శనివారం, రాత్రి 10:41

మావాడు అప్పుడే చేసేశాడండీ. ఒక్కటే వస్తోందట, సున్నా. సైన్ గ్రాఫు అడ్డగీతకి అంటుకుపోయినట్టు కనిపిస్తోందంటున్నాడు. ఇప్పుడేం చేయాలి?

ఐబీ_రెండో_ఏడు · శనివారం, రాత్రి 10:43

మోడ్ నొక్కి రేడియన్. ఖచ్చితంగా డిగ్రీలో ఉంది.

బ్యాక్‌బెంచ్_బగ్మనే · శనివారం, రాత్రి 10:58

డిగ్రీ మోడ్‌లో మిషన్ అబద్ధం చెప్పలేదండోయ్. సైన్ 10 డిగ్రీలు సుమారు 0.17. తెర మొత్తంలో సైన్ అంతకంటే పైకి లేవదు, అందుకే నేలకి అంటుకుంది. ఎక్స్/10 గీత దానికంటే నిటారుగా పోతుంది, సున్నా తర్వాత మళ్ళీ కలవవు. అడిగిన లెక్కకి ఒక్కటే సరైన జవాబు. మనం అడిగింది వేరే లెక్క.

రేడియన్ పెట్టాక నాకు కుడివైపు 2.852, 7.068, 8.423. ఎడమవైపు అవే మైనస్‌తో. మధ్యలో సున్నా. ఏడు.

గుంటూరు_మాస్టారు · ఆదివారం, ఉదయం 6:15

కేఆర్‌పురం వారి అబ్బాయి చెప్పింది నూటికి నూరు. ఎలా చెప్పాడో కూడా రాస్తాను, మిగతా పిల్లలు చూస్తారు. సైన్ ఒకటి దాటదు. కాబట్టి ఎక్స్ −10కీ 10కీ మధ్యే ఉండాలి. కుడివైపు సైన్ పైన ఉండే గుట్టలు రెండు: 0 నుంచి 3.14 వరకు ఒకటి, 6.28 నుంచి 9.42 వరకు ఒకటి. మొదటి గుట్టని గీత సున్నా కాక ఇంకొక్క చోట కోస్తుంది. రెండో గుట్ట శిఖరం 7.85 దగ్గర, అక్కడ గీత ఎత్తు 0.785, శిఖరం ఎత్తు 1. అంటే గీత శిఖరం కింద నుంచి పోతోంది, రెండు చోట్ల కోస్తుంది. కుడి మూడు, ఎడమ మూడు, సున్నా ఒకటి.

కానీ బాబూ, ఆ మూడు ఎంతెంత అని అడిగితే మీవాడు కాగితం మీద ఏం చేస్తాడు? న్యూటన్ పద్ధతిలో ఒక పూట కూర్చోవాలి. మేం ఇంటర్‌లో లాగ్ టేబుల్ బుక్కు పెట్టుకుని సగం పీరియడ్ గుణకారాలకే పోగొట్టుకునేవాళ్ళం. దాన్లో లెక్కల జ్ఞానం పెరిగిందని నేనైతే అనను. ఎన్ని అనేది కాగితానికి, ఎంత అనేది యంత్రానికి వదిలేస్తే నాకు ఏ పేచీ లేదు.

కేఆర్‌పురం_నాన్న · ఆదివారం, ఉదయం 8:30

ఎంత అనేది జేఈఈలో అడగరు కదా మాస్టారూ.

మారతహళ్ళి_ట్యూషన్ · ఆదివారం, ఉదయం 9:10

జేఈఈలో అడగరు, ఏపీ (అమెరికా వాళ్ళ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్యాలిక్యులస్‌లో అడుగుతారు. అమెరికా యూనివర్సిటీలకి పంపేవాళ్ళ పిల్లలు నా దగ్గర చదువుతున్నారు కాబట్టి చెప్తున్నాను. అక్కడ పేపరే రెండు ముక్కలు. ఆబ్జెక్టివ్‌లో 30 ప్రశ్నలు కాలిక్యులేటర్ లేకుండా, 15 కాలిక్యులేటర్‌తో. రాసేవాటిలో రెండు దాంతో, నాలుగు లేకుండా. ఐబీ ఏఏలో కూడా పేపర్ 1కి కాలిక్యులేటర్ లేదు, పేపర్ 2కి ఉంది. చేత్తో చేయడం మానేశారన్న భయం అక్కర్లేదు.

ఏపీ వాళ్ళు కాలిక్యులేటర్‌తో చేయగలగాలని చెప్పే పనులు నాలుగే: ఏ విండోలోనైనా గ్రాఫు గీయడం, సమీకరణం మూలాలు కనుక్కోవడం, ఒక బిందువు దగ్గర డెరివేటివ్ విలువ, డెఫినిట్ ఇంటెగ్రల్ విలువ. జవాబు మూడు దశాంశాల వరకు. ఇంకోటి: మధ్యలో వచ్చిన విలువని మూడు దశాంశాలకి కుదించి మళ్ళీ వాడితే చివరి అంకె తేడా వస్తుంది. స్టో కీతో ఏ, బీ లాంటి అక్షరంలో దాచుకుని అక్షరాన్నే వాడాలి. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. కాగితం మీద ఎఫ్ఎన్ఇంట్ (ఇంటెగ్రల్ కమాండు), ఎన్‌డెరివ్ (డెరివేటివ్ కమాండు) అని మిషన్ భాష రాయకూడదు, ఇంటెగ్రల్ గుర్తు పెట్టి మామూలుగా రాయాలి.

ఐబీ_రెండో_ఏడు · ఆదివారం, ఉదయం 9:32

ఎన్‌డెరివ్ అంటే గుర్తొచ్చింది. మ్యాథ్ మెనూలో 8. అందులో |ఎక్స్| కి సున్నా దగ్గర డెరివేటివ్ అడగండి. 0 అంటుంది! అక్కడ డెరివేటివే లేదు కదా. మా క్లాసులో దీనిమీద పెద్ద గొడవ.

మారతహళ్ళి_ట్యూషన్ · ఆదివారం, ఉదయం 9:50

అది లిమిట్ తీసుకోదు. బిందువుకి అటు 0.001, ఇటు 0.001 జరిగి, రెండు విలువల తేడాని 0.002తో భాగిస్తుంది. |ఎక్స్| అటూ ఇటూ ఒకే ఎత్తు, తేడా సున్నా. ఇంకా వింత కావాలంటే 1/ఎక్స్ కి సున్నా దగ్గర అడుగు. అసలు ఫంక్షనే లేని చోట పది లక్షలు అని ఇస్తుంది. అటు 1000, ఇటు −1000, తేడా 2000, దాన్ని 0.002తో భాగిస్తే అంతే వస్తుంది. కొత్తగా చేరిన ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజు ఈ రెండూ చేయిస్తాను.

బ్యాక్‌బెంచ్_బగ్మనే · ఆదివారం, ఉదయం 10:25

నా దగ్గరా ఒకటుంది. డాలస్‌లో ఉండే పెదనాన్న కూతురు వాళ్ళ పిల్లల పాత టీఐ-84 ప్లస్ ఇచ్చింది, రంగులు లేనిది. రేడియన్ మోడ్‌లో వై = సైన్(48ఎక్స్) వేసి జూమ్ 7 జెడ్‌ట్రిగ్ కొట్టండి. ఏమీ రాదు. అడ్డగీత మీద ఒక గీత, అంతే.

ఎందుకంటే ఆ పాత తెరలో గ్రాఫుకి నిలువు వరసలు 95. ఒక్కో వరసకి ఒక్కసారి విలువ లెక్కేసి చుక్కలు కలుపుతుంది, మధ్యలో ఏం జరుగుతోందో దానికి పట్టదు. జెడ్‌ట్రిగ్‌లో వరసకీ వరసకీ దూరం పై/24. 48తో గుణిస్తే రెండు పై. ప్రతి వరస దగ్గరా సైన్ ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ సున్నా దగ్గరే ఉంటుంది. పాపం మిషన్‌కి అన్నీ సున్నాలే దొరుకుతాయి. మేం ఆఫీసులో సిగ్నల్ ప్రాసెసింగ్‌లో రోజూ తిట్టుకునే ఎలియాసింగ్ ఇదే. జూమ్ ఇన్ చేస్తే అలలు బయటపడతాయి.

సందర్భం వచ్చింది కాబట్టి: టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగళూరులో ఆఫీసు పెట్టింది 1985లో. మార్కెట్లోకి వచ్చిన మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్, కాసియో ఎఫ్ఎక్స్-7000జీ, అదీ 1985లోనే. టీఐ వాళ్ళ టీఐ-81 రావడానికి 1990 అయింది. ఇక్కడ మిల్లర్స్ రోడ్డులో చిప్పుల డిజైన్‌కి వాడే సాఫ్ట్‌వేర్ పని మొదలైంది, కాలిక్యులేటర్లు కాదు. ఎవరూ అడగలేదు, అయినా చెప్పాను.

సర్జాపుర_అమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 12:15

ఇవన్నీ మావాడు పక్కన కూర్చుని చేస్తున్నాడు. వాళ్ళ నాన్నకీ పిచ్చి పట్టింది. ఏదో ఫైనాన్స్ అని కనిపించిందట, ఇంటి లోను ఈఎంఐ వస్తుందా అంటున్నారు. 50 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్ళు వేస్తే నెలకి 43 వేల చిల్లర వచ్చింది కానీ ముందు మైనస్ ఉంది. ఆయన అది చూసి మళ్ళీ డూప్లికేటు అంటున్నారు.

మారతహళ్ళి_ట్యూషన్ · ఆదివారం, మధ్యాహ్నం 12:40

😀 అన్నగారికి చెప్పండి, ఆ మైనస్సే సరైనది. ఆ ఫైనాన్స్‌లోని టీవీఎం (టైమ్ వాల్యూ ఆఫ్ మనీ) సాల్వర్‌లో జేబులోకి వచ్చే డబ్బు ప్లస్, పోయే డబ్బు మైనస్. బ్యాంకు ఇచ్చిన 50,00,000 పీవీలో (అసలు) ప్లస్‌గా వేశారు. కట్టేది కాబట్టి పీఎంటీ (నెల వాయిదా) −43,391 అని వస్తుంది. ఎన్‌లో (మొత్తం వాయిదాలు) 240, పీ/వై (ఏడాదికి వాయిదాలు) 12, సీ/వై (ఏడాదికి వడ్డీ లెక్కలు) 12, ఎఫ్‌వీ (చివర మిగిలే బాకీ) 0 ఉన్నాయో లేదో చూసుకోమనండి. చాలామంది ఎన్‌లో 20 వేసేస్తారు. విలువలన్నీ పెట్టి, కర్సర్ పీఎంటీ దగ్గర ఉంచి ఆల్ఫా, ఎంటర్.

ఐబీలో ఏఐ (అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్) మ్యాథ్స్ కోర్సు పిల్లలకి ఇది సిలబస్‌లో పాఠమే. వాళ్ళకి అన్ని పేపర్లకీ కాలిక్యులేటర్ ఉంటుంది.

కేఆర్‌పురం_నాన్న · ఆదివారం, మధ్యాహ్నం 1:05

240 × 43,391 అంటే కోటీ నాలుగు లక్షలు. వడ్డీయే 54 లక్షలు దాటింది. దీనికి మాత్రం మిషన్ వద్దు, గుండె చాలు.

సర్జాపుర_అమ్మ · ఆదివారం, మధ్యాహ్నం 1:20

ఆయన ఇప్పుడు కాలిక్యులేటర్ పక్కన పెట్టేశారండీ.

కొత్త_సభ్యురాలు_హెచ్ఎస్ఆర్ · ఆదివారం, సాయంత్రం 5:30

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. మా పాపకి టీఐ కొనలేదు, డిజిటల్ శాట్ (అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష) రాస్తుంది. దానికి మిషన్ కావాలా?

మారతహళ్ళి_ట్యూషన్ · ఆదివారం, సాయంత్రం 5:44

అక్కర్లేదు. పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లోనే డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్ ఉంటుంది. ఇంట్లో డెస్మోస్ వెబ్‌సైట్లో సాధన చేస్తే చాలు, ఉచితం. అందులో ఇంటర్‌సెక్ట్, గెస్ బాధ లేదు, కలిసే చోట బూడిదరంగు చుక్క వస్తుంది, దాని మీద నొక్కితే విలువ. విండో గొడవ మాత్రం దానికీ ఉంది. పైన అమ్మగారి 2^ఎక్స్ లెక్క వేయించండి, మొదట తెరమీద ఎన్ని కనిపిస్తాయో పాపనే చెప్పమనండి.

ఐబీ_రెండో_ఏడు · ఆదివారం, రాత్రి 7:15

ఒక హెల్ప్. రేపు స్టాట్స్ హోంవర్క్ ఇవ్వాలి. లిస్టుల్లో డేటా వేసి లిన్‌రెగ్ (డేటాకి సరళరేఖ కుదిర్చేది) చేస్తే ఏ, బీ వచ్చాయి కానీ ఆర్ (కోరిలేషన్ గుణకం) రావట్లేదు. ఇంకా ఇప్పుడు ఏ గ్రాఫు గీసినా ఇన్‌వాలిడ్ డైమెన్షన్ అని ఎర్రర్. రీసెట్ చేస్తే అన్నీ పోతాయేమో అని భయం.

మారతహళ్ళి_ట్యూషన్ · ఆదివారం, రాత్రి 7:22

రీసెట్ వద్దు. ఆర్ కోసం: మోడ్ నొక్కి కిందికి వెళ్తే స్టాట్ డయాగ్నోస్టిక్స్ ఉంటుంది, ఆన్ చేసి లిన్‌రెగ్ మళ్ళీ చెయ్యి. ఎర్రర్ సంగతి: వై ఈక్వల్స్ తెరలో పైన ప్లాట్1 నల్లగా వెలుగుతోందా? లిస్టులు ఖాళీ చేశావా?

ఐబీ_రెండో_ఏడు · ఆదివారం, రాత్రి 7:26

రెండూ అవును. మొదటి లెక్క అయ్యాక లిస్టులు క్లియర్ చేశాను.

మారతహళ్ళి_ట్యూషన్ · ఆదివారం, రాత్రి 7:30

అదే. గ్రాఫు నొక్కినప్పుడల్లా ప్లాట్1ని కూడా గీయబోతుంది, దానికి డేటా దొరకదు. బాణంతో ప్లాట్1 మీదికి పోయి ఎంటర్ కొట్టు, ఆరిపోతుంది. స్కాటర్ ప్లాట్ కావాల్సినప్పుడే మళ్ళీ వెలిగించు. రెండు లిస్టుల్లో లెక్క సమానంగా లేకపోతే డైమెన్షన్ మిస్‌మ్యాచ్ అని ఇంకో ఎర్రర్ వస్తుంది. అప్పుడు ఎక్కడో ఒక నంబర్ వేయడం మర్చిపోయావని.

ఐబీ_రెండో_ఏడు · ఆదివారం, రాత్రి 7:41

రెండూ వచ్చాయి. ఆర్ 0.94. థాంక్స్ అన్నా.

గుంటూరు_మాస్టారు · ఆదివారం, రాత్రి 8:05

0.94 చూసి సంబరపడకు నాయనా. స్కాటర్ ప్లాట్ గీశావా? చుక్కలు వంపు తిరిగి ఉన్నా ఆర్ అంత రావచ్చు. ఎక్స్ కి 1 నుంచి 10 వరకు, వై కి వాటి వర్గాలు వేసి లిన్‌రెగ్ చెయ్యి, ఆర్ ఎంతొస్తుందో చూసి చెప్పు.

ఐబీ_రెండో_ఏడు · ఆదివారం, రాత్రి 8:13

0.975 😳 అదేమో శుద్ధ పెరాబోలా. నా డేటా ప్లాట్ ఇప్పుడే గీస్తున్నా మాస్టారూ.